గాజుపోగును గ్రామములును

పెక్కు గ్రామపంచాయతీ కార్యాలయములకు నేడొక నల్లని తీగ వచ్చి చేరినది. చూచుటకు విద్యుత్తీగవలె నుండును గాని దానిలో రాగి లేదు. తలవెండ్రుకంత సన్నని గాజుపోగులున్నవి. జనులు ఫైబర్ అని వ్యవహరించునది యిదియే. వీనిగుండ పోవు వెలుగే మాటలను, లెక్కలను, కదలు బొమ్మలను మోసికొనిపోవును. ఇది పల్లెకు బొమ్మలను తెచ్చునను సంగతి యందఱు నెఱుగుదురు. పల్లెనుండి బొమ్మలను పంపుటకు దీనిని మన మెంతవఱకు వినియోగించుచున్నామనునదియే మేము నేడు పాఠకుల యెదుట నుంచదలచిన ప్రశ్న.

స్పష్టమైన దృశ్యమును దూరమునకు పంపుట సామాన్యమైన పని కాదు. హైడెఫినిషన్ చిత్రమొక్కటి యడ్డముగ 1,920, నిలువుగ 1,080 చుక్కలు గలది. అనగా నిరువది లక్షలకు పైబడిన చుక్కలు. అట్టివి సెకనుకు 25 గాని 30 గాని పోవలెను. ఏమియు తగ్గింపక పంపినచో, సున్నలు, ఒకట్లుగ లెక్కించిన, సెకనుకు సుమారు 150 కోట్లగును. రాగి కేబుల్ ఈ భారమును నూఱు మీటర్ల ప్రాంతము వఱకే మోయగలదు. గాజుపోగు పదుల కిలోమీటర్లు మోయును.

ఈ విద్యలో మన దేశమున పుట్టినవాని చేయియు కలదు. పంజాబులోని మోగాలో 1926లో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ, లండను ఇంపీరియల్ కళాశాలలో హాప్కిన్స్‌తో గూడి, గాజుపోగుల కట్టద్వారా చిత్రమును పంపవచ్చునని 1954లో 'నేచర్' పత్రికయందు ప్రకటించెను. కాని దూరము పోవుకొలది నాటి గాజులో వెలుగు త్వరగ నశించెడిది. ఈ లోపము గాజు స్వభావము వలన గాక, అందలి మలినముల వలన కలుగుచున్నదని చార్లెస్ కావో, హాక్‌హామ్ అనువారు 1966లో చూపిరి. 1970లో అమెరికా దేశపు కార్నింగ్ సంస్థవారు, కిలోమీటరు పోయిన పిదప నూటికి రెండు పాళ్ల వెలుగు మిగులు పోగును తీసిరి. నేటి పోగులో పదునైదు కిలోమీటర్లు పోయినను సగము వెలుగు నిలుచును. కావోకు 2009లో నోబెల్ బహుమానము లభించినది. కపానీకి పద్మవిభూషణము మరణానంతరము 2021లో గాని రాలేదు.

దేశమందలి సుమారు 2.5 లక్షల గ్రామపంచాయతీలకు ఈ పోగును చేర్పవలెనని కేంద్రప్రభుత్వము 2011లో నిశ్చయించినది. ఆ పథకమే తరువాత భారత్‌నెట్ అయినది. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ తీగను విద్యుత్ స్తంభములపై నడపిరి. తెలంగాణలో మిషన్ భగీరథ నీటిగొట్టముల కందకములలోనే ఫైబర్ గొట్టములను గూడ పఱచిరి. ఇంత ప్రజాధనము వ్యయమైనది వినోదమునకు మాత్రమేనా?

హైదరాబాదునందలి ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ గ్రామములలో దృష్టికేంద్రములను నెలకొల్పి, అచ్చటి రోగుల కన్నులను దూరమందున్న వైద్యులు పరీక్షించు నేర్పాటు గావించినది. ఇట్టి పనియందు చిత్రము పల్లెనుండి పట్టణమునకు పోవలెను. మిరపయాకు మీది మచ్చను వ్యవసాయ శాస్త్రజ్ఞునకు చూపవలెనన్నను దారి యదియే. దారి యిఱుకైనచో చిత్రమును నూఱవవంతునకో యంతకంటె తక్కువకో కుదించి పంపుదురు. అట్లు కుదించినపుడు మొదట పోవునవి సూక్ష్మ వివరములే. నాటకము చూచువారికి దానివలన నష్టము లేదు. వైద్యునకు కావలసినది యా సూక్ష్మ వివరమే. మసకబొమ్మను చూచి చెప్పిన మాటకంటె చెప్పకుండుటయే మేలు.

పంచాయతీకి సెకనుకు 100 మెగాబిట్ల సామర్థ్యము కల్పింతుమని మొదటి పథకమున చెప్పిరి. అంతయు నిజముగ పైకి పంపుటకు లభించినచో, చిత్రమును పదునైదవ వంతునకు కుదించిన చాలును; కంటికి లోపము కనబడదు. గాజుపోగునకు రాక యని, పోక యని భేదము లేదు. భేదము కొసలయందలి పరికరములలో నున్నది. భారత్‌నెట్‌లో వాడిన జీపాన్ పద్ధతిలో క్రిందికి వచ్చు దారి సెకనుకు సుమారు 2.5 గిగాబిట్లు, పైకి పోవు దారి అందులో సగము. ఆ సగమును గూడ పెక్కు కొసలు పంచుకొనవలెను.

ఇందు గ్రామపెద్దలు చేయవలసిన పనులు మూడు గలవు. పరికరమునకు విద్యుత్తు, బ్యాటరీ లోపింపకుండ చూచుట మొదటిది; దీపమాఱిన పోగు వట్టి గాజే. పొలములలో, రోడ్డుప్రక్కల త్రవ్వకములకు ముందు విచారించుట రెండవది. ఇందులకై కేంద్రప్రభుత్వము 2023లో 'కాల్ బిఫోర్ యు డిగ్' అను యాప్‌ను ప్రవేశపెట్టినది. అదే సంవత్సరమున ఆమోదించిన సవరణ పథకమున తీగను వలయముగ కూర్ప నిశ్చయించిరి. ఒకచోట తెగినను వెలుగు రెండవ దారిని వచ్చును. అయినను మన జేసీబీ రెండు దారులను తెంపినచో వలయమేమి చేయగలదు? ఆసుపత్రికిని, బడికిని, పంచాయతీకిని పైకి పంపు సామర్థ్యమెంతయో వ్రాతమూలకముగ అడిగి తెలిసికొనుట మూడవది.

కాలువ చివరి భూమికి నీరందనిచో మన రైతు ఊరకుండడు. అధికారులయొద్దకు పోయి లెక్క యడుగును. ఆ పట్టుదలనే ఈ గాజుపోగు విషయమునను చూపవలెనని మేము కోరుచున్నాము. పట్టణము చూపినదానిని చూచుటతో పల్లె తృప్తిపడరాదు. పల్లె తన కంటిరోగిని, తన పైరును పట్టణమునకు స్పష్టముగ చూపగలిగిన నాడే ఈ పోగునకు పెట్టిన ధనము సార్థకమగును.