పారిస్‌లో జపాను రాళ్లు

పెద్ద భవనం కట్టిన తరువాత దాని చుట్టూ కొంత ఖాళీ స్థలం మిగులుతుంది. సాధారణంగా అక్కడ పచ్చిక పెంచుతారు; మధ్యలో ఒక విగ్రహం నిలబెడతారు. ఆ స్థలాన్నే శిల్పంగా మలచవచ్చునని నమ్మినవాడు ఇసాము నొగుచి.

నొగుచి 1904లో అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌లో జన్మించాడు. తండ్రి జపాను కవి, తల్లి అమెరికా రచయిత్రి. బాల్యం జపానులో గడిచింది. పదమూడేళ్ల వయసులో చదువు కోసం ఒంటరిగా అమెరికాకు వచ్చాడు. అక్కడివారికి ఇతడు పరాయివాడు, ఇక్కడివారికీ పరాయివాడే. 1942లో, యుద్ధకాలంలో, అమెరికా ప్రభుత్వం పశ్చిమ తీరంలోని జపాను సంతతివారిని శిబిరాలకు తరలించింది. న్యూయార్కులో ఉన్న నొగుచిని ఎవరూ రమ్మనలేదు. అయినా తానుగా అరిజోనా ఎడారిలోని పోస్టన్ శిబిరానికి వెళ్లాడు. అక్కడివారి కోసం ఉద్యానాలకు, ఆటస్థలాలకు పటాలు గీశాడు. అవి కాగితం మీదనే మిగిలిపోయాయి. తిరిగి బయటికి రావడానికి అతనికి కొన్ని నెలలు పట్టింది.

ఐక్యరాజ్యసమితికి చెందిన విద్యా, విజ్ఞాన, సాంస్కృతిక సంస్థయే యునెస్కో. దాని ప్రధాన కార్యాలయం పారిస్‌లో కడుతున్నప్పుడు, వాస్తుశిల్పులలో ఒకరైన మార్సెల్ బ్రాయర్ ఒక చిన్న పని అప్పగించాడు. ప్రతినిధులు సేదదీరే ముంగిలిని తీర్చిదిద్దాలి, అంతే. నొగుచి చూపు ఆ ముంగిలి దగ్గర ఆగలేదు. దిగువనున్న నేలను కూడా తోటగా మార్చుదామన్నాడు.

రాళ్ల కోసం జపానుకు వెళ్లాడు. తోటల నిర్మాణంలో పేరుపొందిన మిరెయి షిగెమోరి సాయంతో షికోకు ద్వీపంలో వాటిని ఏరాడు. జపాను తోటలో రాతిని అలంకారానికి పెట్టరు. దానికి ముఖం, వీపు ఉంటాయి. ఏ వైపు చూడాలో ముందు తేల్చుకొని, కొంత భాగం నేలలో పూడ్చుతారు. అప్పుడే రాయి అక్కడ పుట్టినట్లు కనబడుతుంది. అటువంటి రాళ్లు 80 టన్నులకు పైగా జపాను కానుకగా ఫ్రాన్సుకు చేరాయి.

పై ముంగిలిలో ఒక రాతిపై శాంతి అనే అర్థమిచ్చే జపాను అక్షరం చెక్కి, దాని మీదుగా నీరు పారేటట్లు చేశాడు. ముంగిలి నుండి తోటకు పొడవైన నడవ వేశాడు. కబుకి నాటకశాలలో నటులు ప్రేక్షకుల మధ్యగా నడిచి వచ్చే దారి దీనికి ఆధారం. దిగువన కొలను, వంతెన, అడుగురాళ్లు, చెర్రీ చెట్లు, వెదురు ఉన్నాయి.

పని సాఫీగా సాగలేదు. జపాను నుండి వచ్చిన తోటమాలులు తరతరాల పద్ధతిని వదులుకోలేదు. నొగుచి తన శిల్పదృష్టిని వదులుకోలేదు. ఇరువర్గాలకూ పట్టింపులు వచ్చాయి. ఒకరి మాటే నెగ్గితే ఆ తోట మరోలా ఉండేది. 1958లో అది పూర్తయింది. సంప్రదాయం తెలిసిన కొందరు అది అసలైన జపాను తోట కాదన్నారు. నొగుచి కూడా దానిని పాత తోటలకు నకలుగా చేయాలని అనుకోలేదు. అయినా పారిస్‌లో నేటికీ దానిని శాంతి ఉద్యానమని, జపాను తోట అని రెండు పేర్లతోనూ పిలుస్తారు.