నాలుగు గంటల సంగీతసభ

మహాకృతులు వెలువడిన దినముననే లోకము వాటికి జేజేలు పలుకునని సాధారణముగా తలంతురు. చరిత్ర మాత్రము అట్లు చెప్పదు. 1808వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీ రాత్రి వియన్నా నగరములో జరిగిన ఒక సంగీతసభ ఇందుకు చక్కని నిదర్శనము. నేడు ప్రపంచమంతట వినిపించుచున్న రెండు సింఫనీలు ఆ రాత్రియే మొదటిసారి వినబడినవి. వాటి నడుమ ఒక పియానో కన్చెర్టో బహిరంగసభలో తొలిసారి మ్రోగినది. అయినను ఇంటికి మరలిన శ్రోతలలో పలువురకు మిగిలినది చలి, అలసట, కొంత విసుగు మాత్రమే.

ఆ సభను ఏర్పరచినవాడు లూడ్విగ్ వాన్ బీథోవెన్. అప్పటికి అతనికి ముప్పదియెనిమిది సంవత్సరములు. ఆ కాలమున వియన్నాలో సంగీతమునకే ప్రత్యేకింపబడిన పెద్ద సభామందిరములు లేవు. మతాచారము ననుసరించి నాటకములు ఆగిపోయిన దినములలో నాటకశాలను సంపాదించి, స్వరకర్త తన కృతులను తానే ప్రదర్శించి, వచ్చిన రాబడిని తాను తీసికొనుట వాడుక. అట్టి సభను ‘అకాడమీ’ అనుచుండిరి. నాటకశాల దొరకుటయే కష్టము. ధర్మకార్యముల నిమిత్తము జరిగిన కచేరీలలో ఉచితముగా పాల్గొని, చాలకాలము వేచియుండిన పిదప, 1801లో ప్రారంభమైన ‘థియేటర్ అన్ దెర్ వీన్’ అతనికి ఒక్క రాత్రికి లభించినది.

ఆ ఒక్క రాత్రిపై అతని బ్రతుకుదెరువు కొంత ఆధారపడియుండెను. ఇరువదియెనిమిదవ యేట మొదలైన చెవుడు క్రమముగా ముదురుచుండెను. 1802లో సోదరుల నుద్దేశించి వ్రాసి పంపక దాచుకొనిన ఉత్తరములో ఆ బాధనంతయు వెళ్ళబోసికొనెను. స్థిరమైన ఉద్యోగము లేదు. 1808లో నెపోలియన్ సోదరుడును వెస్ట్‌ఫాలియా రాజును అగు జెరోమ్, తన ఆస్థానసంగీత విద్వాంసుడుగా రమ్మని అతనిని పిలిచియుండెను. వియన్నాలో నిలువవలెనా, విడిచిపోవలెనా అను ప్రశ్న అతని ముందు నిలిచియున్న తరుణమది.

విద్యార్థుల కొరకు ఇచ్చట రెండు మాటలు చెప్పుట అవసరము. సింఫనీ యనగా వాద్యబృందము అంతయు కలసి వాయించు దీర్ఘకృతి. అది సామాన్యముగా నాలుగు ఖండములుగా నుండును. అందు సాధారణముగా గాయకుని సాహిత్యముండదు. వాయులీనములు, వేణువులు, కొమ్ములు, భేరులు వేర్వేరు స్వరములను ఏకకాలమున పలుకుచుండగా వాటి పొందికనుండి అర్థము పుట్టవలెను. కన్చెర్టోలో అట్లు కాదు. అందు ఒక వాద్యము ఏకాకిగా ముందునిలుచును. తక్కిన బృందము దానితో సంభాషించును, వాదించును, ఒక్కొక్కప్పుడు లొంగిపోవును. పియానో కన్చెర్టోను పరిపూర్ణస్థితికి తెచ్చినవాడు 1791లో మరణించిన మొజార్టు. బీథోవెన్ ఆ మార్గముననే నడచి, దానిని ఇంకను ముందునకు సాగించెను.

ఆనాటి కార్యక్రమము చూచినచో నేటివారికి ఆశ్చర్యము కలుగును. మొదట గ్రామజీవనమును స్మరింపజేయు ‘పాస్టొరల్’ సింఫనీ. తరువాత ఒక గీతము. ప్రార్థనాకృతిలోని ఒక భాగము. అటుపిమ్మట నాలుగవ పియానో కన్చెర్టో. విరామానంతరము సి మైనర్ సింఫనీ; మరల ప్రార్థనాకృతినుండి మరియొక భాగము; బీథోవెన్ ఒంటరిగా కూర్చుండి అప్పటికప్పుడు కల్పించి వాయించిన పియానో వాదనము; చివరకు పియానో, వాద్యబృందము, గాయకబృందము కలసిన ‘కోరల్ ఫాంటసీ’. సాయంకాలము ఆరున్నరకు మొదలైన సభ పదిన్నరకు గాని ముగియలేదు. నాటకశాలలో చలి గడ్డకట్టించుచుండెను.

కన్చెర్టో సంగతి కొంత వివరముగా చెప్పదగినది. సంప్రదాయము ననుసరించి మొదట వాద్యబృందము ఆర్భాటముగా ప్రవేశించును. పియానో తన వంతుకై వేచియుండును. ఈ కృతిలో అట్లు గాక, పియానోయే ముందుగా, తనలో తాను మాటలాడుకొనునట్లు మెల్లగా కొన్ని స్వరములు పలుకును. బృందము దానిని విని, దూరమునుండి వచ్చినట్లు మరియొక శ్రుతిలో బదులు చెప్పును. రెండవ ఖండములో తంత్రీవాద్యములు కఠినముగా గద్దించును. పియానో బ్రతిమాలుచున్నట్లు సమాధానమిచ్చును. కోపము శాంతించువరకు ఆ మృదుస్వరము తన మార్దవమును విడువదు. ఆ రాత్రి సభలో నుండిన జర్మను సంగీతజ్ఞుడు రైకార్డ్, ఈ భాగమున బీథోవెన్ తన వాద్యముపై గాఢమైన విషాదముతో గానమే చేసెనని వ్రాసినాడు. వాద్యబృందముతో కూడిన కన్చెర్టోను అతడు బహిరంగముగా వాయించుట అదియే కడసారి. చెవుడు అతని చేతులనుండి వాద్యమును లాగికొనినది.

సి మైనర్ సింఫనీ నేడు అయిదవ సింఫనీ యను పేర ప్రసిద్ధము. ఆనాటి ప్రకటనలో దీనికి ఆరవ సంఖ్యయు, పాస్టొరల్‌కు అయిదవ సంఖ్యయు నుండెను. మూడు లఘువులు, ఒక గురువు వలె వినిపించు నాలుగు స్వరముల చిన్న తునుకనుండి మొదటి ఖండమంతయు అల్లబడినది. అదే నడక కన్చెర్టో ఆరంభములోను మెత్తగా వినబడును. 1804 ప్రాంతమున బీథోవెన్ ఉపయోగించిన ఒకే చిత్తుపుస్తకములో ఈ రెండు కృతుల తొలి ఆలోచనలును గలవు. ఒకే బీజము ఒకచోట ఉరుమైనది, మరియొకచోట గుసగుసయైనది. సింఫనీ చివరి ఖండమున అంతవరకు మౌనముగా నున్న ట్రాంబోనులు, పికోలో, కాంట్రాబసూన్ ఒక్కసారి ప్రవేశించి, చీకటిలో మొదలైన కృతిని వెలుగులోనికి నడపించును.

ఇట్టి సంపద యుండియు సభ ఏల రక్తికట్టలేదు? కారణములు స్పష్టము. కృతులు క్రొత్తవి, కఠినమైనవి, సాధన చాలలేదు. అదే రాత్రి సంగీతకారుల వితంతువుల, అనాథల సహాయార్థము మరియొకచోట పెద్ద కచేరి జరుగుటచే మంచి వాద్యకారులు అనేకులు అక్కడికి పోయిరి. మొదట నిర్ణయింపబడిన గాయని తప్పుకొనగా, ఆమె స్థానమున వచ్చిన యువతి భయముతో వణకెను. ‘కోరల్ ఫాంటసీ’ నడుమ వాద్యకారులు దారితప్పగా, బీథోవెన్ అందరి యెదుట ఆపించి మరల ప్రారంభింపజేసెను. మంచి వస్తువైనను మితిమీరినచో భారమగునని ఆ రాత్రి తెలిసినదని రైకార్డ్ భావము.

అయినను కాలము తీర్పును మార్చినది. 1809 మార్చి 1వ తేదీన ఆర్చ్‌డ్యూక్ రుడాల్ఫ్, లొబ్కోవిట్జ్, కిన్‌స్కీ అను ముగ్గురు ప్రభువులు ఏటేట 4000 ఫ్లోరిన్‌లు ఇచ్చునట్లు ఒప్పందము వ్రాసి బీథోవెన్‌ను వియన్నాలో నిలుపుకొనిరి. 1810లో హాఫ్‌మన్ అను రచయిత సి మైనర్ సింఫనీపై ప్రకటించిన సుదీర్ఘ విమర్శ సంగీతవిమర్శకే క్రొత్తదారి చూపినది. కన్చెర్టోకు మాత్రము మరికొంత నిరీక్షణ తప్పలేదు. చాలకాలము అంతగా ఆదరణకు నోచుకొనని ఆ కృతిని 1836లో లైప్‌జిగ్ నగరమున మెండెల్సన్ తానే వాయించి మరల వెలుగులోనికి తెచ్చెను. నేడు వాద్యబృందములు క్రొత్త సింఫనీ నొకదానిని వినిపింపదలచినపుడు, శ్రోతలను సభకు రప్పించుటకై దాని ప్రక్కన చేర్చు ప్రాచీనకృతులలో ఆ కన్చెర్టో ఒకటి. ఒకనాడు తానే క్రొత్తదై చలిలో వణకినది, నేడు ఇతర కృతులకు ఆసరాగా నిలుచుచున్నది.

సరిగా ఆ కాలముననే తిరువయ్యూరులో త్యాగరాజస్వామి తెలుగున కీర్తనలు రచించుచుండెను. ఆయన జననము 1767, బీథోవెన్ జననము 1770. ఇరువురును ఒకరినొకరు ఎరుగరు. వారి సంగీతములు వేరు. ఒకటి ఒకే రాగధారలో లోతులకు దిగును, మరియొకటి పలుస్వరముల పొందికతో కట్టడమై లేచును. అయినను ఆ రాత్రి బీథోవెన్ ఏ కాగితము ముందుంచుకొనక కల్పించి వాయించిన ఘట్టమును మన శ్రోత విన్నచో, మనోధర్మమని వెంటనే గుర్తించియుండెడివాడు.

ఉపాధ్యాయులు ఈ వృత్తాంతమును తరగతిలో చెప్పదగును. క్రొత్త కృతి సరిగా ప్రదర్శింపబడకపోవచ్చును, వినువాడు అలసియుండవచ్చును, కార్యక్రమము మితిమీరియుండవచ్చును. ఇందులో ఏదియు కృతి దోషము కాదు. మొదటి వినికిడిలో తీర్పు చెప్పుటకు తొందరపడక, రెండవసారి వినుటకు ఓర్పు చూపు శ్రోత యున్నప్పుడే కళ నిలుచును. 1808నాటి శ్రోతలకు ఆ కృతులను మరల వినవలెనన్న మరియొక కచేరికై వేచియుండవలసివచ్చెను. నేటి విద్యార్థికి ఆ రెండు సింఫనీలును, ఆ కన్చెర్టోయు కోరినపుడు చెవికి చేరువలో నున్నవి. కావలసినది కొంత తీరిక, కొంత వినయము.