మీకు తెలుసా? ఒకే మడిలో వరి, చేప

అరుణాచల్‌ప్రదేశ్‌లోని జిరో లోయలో తరతరాలుగా వరి పండిస్తున్న అపతానీలు నాగలి పట్టరు, ఎద్దులు కట్టరు. మట్టి తవ్వడం దగ్గర్నుంచి కోత దాకా అంతా చేతిపనే. సముద్రమట్టానికి దాదాపు 1,500 మీటర్ల ఎత్తున ఉన్న ఆ లోయలో కొండవాగుల నీళ్లే ఆధారం. వాటిని పిల్లకాలువల్లోకి మళ్లించి, గట్లకింద పెట్టిన గొట్టాల గుండా ఒక మడి నుంచి ఇంకో మడికి పారిస్తారు.

అదే మడిలో చేపలూ పెంచుతారు. ఇది 1960లలో మొదలైంది. మడి మధ్యలో చిన్న కాలువ తవ్వి ఉంచి, నాట్లయ్యాక చేపపిల్లల్ని వదులుతారు. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు అవి వరి దుబ్బుల మధ్య తిరుగుతూ పురుగుల్నీ నాచునీ తింటాయి. నీళ్లు తగ్గితే కాలువలోకి దిగిపోతాయి. వాటి విసర్జనే పైరుకు ఎరువు. గట్టునూ ఖాళీగా వదలరు, దాని మీద చోళ్లు వేస్తారు. ఊళ్ల చుట్టూ కనిపించే వెదురు, పైన్ తోపులు కూడా చాలావరకు వాళ్లు నాటుకున్నవే. ఉన్న కాస్త నేలను ఇంత ప్రేమగా చూసుకునే రైతులు అరుదు.

ఉప్పు కూడా మొక్కల నుంచే తీసేవారు. కొన్ని రకాల మొక్కల్ని ఎండబెట్టి కాల్చి, ఆ బూడిదలో నీళ్లు పోసి వడగట్టి, ఆ నీటిని మరగకాచి తీసే ఈ నల్లటి ఉప్పు పేరు తప్యో. వంటల్లో దీన్ని ఇప్పటికీ వాడతారు.

అపతానీల జీవితాన్ని బయటి ప్రపంచానికి వివరంగా చెప్పిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మనకు కొత్తవాడేమీ కాదు. నిజాం రాజ్యంలో చెంచుల మధ్య, కొండరెడ్ల మధ్య, ఆదిలాబాద్ గోండుల మధ్య తిరిగి, ఆ తర్వాత 1944లో జిరో కొండలెక్కాడు. మార్లవాయి ఊరి గోండులు ఆయన్నీ, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌నీ ఈనాటికీ తమవాళ్లుగానే తలుచుకుంటారు.

చైనా, మయన్మార్, భూటాన్ సరిహద్దుల్లో ఉన్న అరుణాచల్ వెళ్లాలంటే మనం ముందుగా ఇన్నర్ లైన్ పర్మిట్ తీసుకోవాలి. జూలై మొదటివారంలో వెళ్తే జిరోలో ద్రీ పండగ చూడొచ్చు. పైరుకు పురుగు పట్టకుండా, వడగళ్లు పడకుండా పూజలు చేస్తారు. హిందీ వస్తే భాష గురించి బెంగ అక్కర్లేదు. 26 ప్రధాన తెగలున్న ఆ రాష్ట్రంలో ఒక తెగ మాట ఇంకో తెగకు అర్థం కాకపోతే వాళ్లూ హిందీలోనే మాట్లాడుకుంటారు.