పదిమంది తినే ఇంటికి ఏ మిక్సీ, ఏ గ్రైండరు?

రాప్తాడు అనంతపురం పక్కనే, బెంగుళూరు రోడ్డు మీద ఉంది గనుక ఇక్కడివారికి పట్నంలోని దుకాణాలు ఎంతో దూరం కాదు. పండుగ నెలల్లో అక్కడి తగ్గింపు బోర్డులు చూసివచ్చి, "అయ్యగారూ, ఇంట్లో పదిమందిమి. పెద్ద ఫుడ్ ప్రాసెసర్ తెచ్చుకుందుమా, గ్రైండర్ తెచ్చుకుందుమా?" అని అడిగే సహోదరులు మాకు తరచుగా కనబడుతుంటారు. అడిగేది ఎక్కువగా మగవారు. రుబ్బేది మాత్రం ఆడవారు. కాబట్టి మేము తిరిగి అడిగేది ఒక్కటే: మీ ఇంట్లో ఏమి రుబ్బుతారు, ఎవరు రుబ్బుతారు? దుకాణానికి ఆమెను వెంటబెట్టుకొని వెళ్లండి.

మన ప్రాంతపు వంటిల్లు వేరు. రోజూ సంగటిలోకి ఊరిబిండి కావాలి. వేయించిన చెనక్కాయ విత్తనాలు, ఎండుమిరపకాయలు, చింతపండు కలిపి కచ్చాపచ్చాగా నూరాలి. వారానికి రెండుమూడుసార్లు దోసెల పిండి. పండుగకు ఓళిగల పూర్ణం. ఉడికిన శనగపప్పు, బెల్లం కలిసిన ఆ ముద్ద ఎంత గట్టిగా ఉంటుందో రుబ్బిన చేతులకే తెలుసు. రాగిపిండి, కారంపొడి సంగతి ఇందులో కలుపుకోవద్దు. అవి మరలో ఆడించుకుంటాము, కొద్ది రూపాయలతో తీరిపోతుంది. వాటి కోసం ఇంట్లో పెద్ద మోటారు పెట్టుకోనక్కరలేదు.

గట్టిముద్దల దగ్గరే యంత్రాల బలం తేలిపోతుంది. మన దేశపు మిక్సీ పుట్టిందే అందుకు. బొంబాయిలో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు ఇంట్లో జర్మనీ మిక్సీ పాడైపోతే, మన రుబ్బుడుకు తట్టుకొనే మోటారుతో ఆయన 'సుమీత్' మిక్సీని తెచ్చారు. అంతకు ముందే, 1955లో, కోయంబత్తూరులో పి. సభాపతి గారు కరెంటుతో తిరిగే రాతి గ్రైండర్ తయారుచేశారు. రోలూ పొత్రమూ అవే, తిరిగే పద్ధతి మారింది. కోయంబత్తూరు గ్రైండరుకు తరువాత భౌగోళిక గుర్తింపు కూడా దొరికింది. పొరుగున తమిళనాడులో 2011లో ప్రభుత్వమే రేషను కార్డుల కుటుంబాలకు మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఉచితంగా ఇచ్చే పథకం మొదలుపెట్టింది. ఆడవారి భుజాల నొప్పి ఒక రాష్ట్రపు లెక్కల్లోకి ఎక్కిందన్నమాట.

ఇక ఫుడ్ ప్రాసెసర్. దానిలోని పెద్ద గిన్నె కూరగాయలు తరగడానికి, కొబ్బరి తురమడానికి, చపాతి పిండి కలపడానికి. రాత్రిపూట పదిమందికి చపాతీలు చేసే ఇల్లు, కీళ్లనొప్పులున్న అత్తగారు పిండి కలిపే ఇల్లు అయితే కొనుక్కోవచ్చు. ఒక్కసారికి ఎంత పిండి పడుతుందో దానితో ఇచ్చే పుస్తకంలో చూసుకోండి. సంగటి తినే ఇంట్లో మాత్రం ఆ గిన్నె రెండు నెలలకే అటక ఎక్కుతుందని మా అభిప్రాయం.

మా మాట అడిగితే, పెద్ద కుటుంబానికి రెండు వేర్వేరు వస్తువులే మేలు. పచ్చళ్లకు, పొడులకు 750 వాట్ల మామూలు మిక్సీ. దోసెల పిండికి 2 లీటర్ల టేబుల్ గ్రైండర్. రెండూ ఒకేసారి కొనే శక్తి లేకపోతే మిక్సీ ముందు, గ్రైండరు మరుసటి పంటకు. మిక్సీ బ్లేడు వేగానికి పిండి వేడెక్కుతుంది. రాయి మెల్లగా తిరుగుతుంది గనుక పిండి చల్లగా ఉంటుంది, మినప్పిండి బాగా ఉబ్బి ఎక్కువ వస్తుంది.

కరెంటు ఖర్చు లెక్క చాలామంది తలక్రిందులుగా వేస్తారు. 750 వాట్ల మిక్సీ మొత్తం 20 నిమిషాలు తిరిగితే పావు యూనిట్. 150 వాట్ల గ్రైండరు 40 నిమిషాలు తిరిగినా పదో వంతు యూనిట్. ఎక్కువసేపు తిరిగేదే తక్కువ తింటుంది.

పెట్టె మీద రాసిన లీటర్లు గిన్నె కొలత, మీరు పోసే బియ్యం కొలత కాదు. నానితే బియ్యం పెరుగుతుంది, పైన నీళ్లు పోస్తాము. మిక్సీ జారు కూడా అంచు దాకా నింపితే మోటారు మూలుగుతుంది. గట్టిపిండి వేసినప్పుడు మిక్సీ ఉన్నట్టుండి ఆగిపోతే కాలిపోయిందని బెంబేలు పడవద్దు. చాలా మిక్సీలకు అడుగున ఒక చిన్న మీట ఉంటుంది. జారు తీసి, చల్లారనిచ్చి, మీట నొక్కితే మళ్లీ తిరుగుతుంది.

పల్లెల్లో సాయంత్రం కరెంటు బలం తగ్గడం మామూలే. గ్రైండరు తిరగకుండా గుయ్యిమంటూ ఉంటే వెంటనే ఆపేయాలి. అలాగే వదిలేస్తే మోటారు చుట్ట కాలుతుంది. గిన్నె తిరగడం మొదలయ్యాక పప్పు కొద్దికొద్దిగా వేయండి. మూడు పుల్లల ప్లగ్గు, ఇంటికి సరియైన ఎర్త్, వస్తువు మీద ఐ.ఎస్.ఐ. గుర్తు, ఈ మూడూ లేకుండా తడిచేతులతో ముట్టుకొనే యంత్రాన్ని ఇంట్లోకి తేవద్దు. కప్లరు, వాషరు, బెల్టు అనంతపురంలో దొరుకుతాయా అని బిల్లు రాయించకముందే అడగండి.

క్రిస్మస్ విందుకో, పెళ్లికో సరిపోతుందని 5 లీటర్లది కొనేవారున్నారు. ఏడాదికి రెండు దినాల పనికి అద్దెకొట్టులో దొరుకుతుంది. మిగతా రోజులు ఆ బరువును కడగవలసింది ఇంటి కోడలే.

వాయిదాల మీద కొనేవారితో ఒక మాట. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే జిల్లా మనది. అదీ ఏటా పడదు. చెనక్కాయలు అమ్మిన డబ్బుతో కొనడం వేరు, అమ్మబోయే డబ్బుతో కొనడం వేరు. వడ్డీ లేదన్నా, కాగితాల ఖర్చు ఎంతో కలిపి చూడండి. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో తిరగలి రాయిని తాకట్టు పట్టకూడదని ఆజ్ఞ ఉంది. అది తీసుకుంటే ఆ ఇంటి ప్రాణాన్నే తీసుకున్నట్టు. పాత రోలును అమ్మేయవద్దని మేము చెప్పేది కూడా అందుకే. కరెంటు లేని దినాన అదే దిక్కు.

కొత్త గ్రైండరు తెచ్చాక మొదట గుప్పెడు నానిన బియ్యం రుబ్బి పారబోయండి, రాతిపొడి పోతుంది. కొంగు, జడ, పిల్లల వేళ్లు దూరంగా ఉంచండి. గ్రైండరు కడగడానికి మిక్సీకంటే నీళ్లు ఎక్కువే పడతాయి, బిందె లెక్కన నీళ్లు తెచ్చుకొనే ఊళ్లలో అదీ ఒక ఖర్చే. ఆ తరువాత, రుబ్బిన పిండి తీశాక వచ్చే కడుగునీళ్లు మోరీలో పోయకుండా కుడితి తొట్టిలో పోస్తే ఎనుము తాగుతుంది.