స్కానింగులో కనిపించని వ్యాధి

ఇటీవల ఒక తండ్రి తన కుమారుని మెదడు ఎమ్మారై ఫిల్మును మా ముందు ఉంచారు. ఇరవయ్యేళ్ళ ఆ యువకుడికి ఎవరూ లేనిచోట గొంతులు వినిపిస్తున్నాయి, కన్నతల్లినే శంకిస్తున్నాడు. "మౌలానా సాబ్, స్కానింగులో ఏమీ లేదన్నారు. అంటే ఇది బీమారీ కాదు, అసరే కదా! తావీజు ఇవ్వండి" అని ఆయన కోరారు. ఈ అపోహ అనేక ఇళ్ళలో ఉన్నది కనుక వివరించదలచాము.

మెదడులోని నాడీకేంద్రాలను ఒకదానితో ఒకటి కలిపే తంతువుల సముదాయమే శ్వేత పదార్థం. తంతువులను చుట్టి ఉండే మైలిన్ అనే కొవ్వుపొర వల్ల అది తెల్లగా కనిపిస్తుంది. సందేశాలు వేగంగా సాగుతాయి. సాధారణ ఎమ్మారై గడ్డలను, రక్తస్రావాన్ని చూపుతుంది గాని ఈ తంతువుల సూక్ష్మస్థితిని చూపజాలదు. అందుకోసం 1994లో అమెరికాలో పీటర్ బాసర్, ఆయన సహచరులు డిఫ్యూజన్ టెన్సర్ ఇమేజింగ్ అనే పద్ధతిని రూపొందించారు. నీటి అణువులు తంతువు వెంబడి సులభంగా, అడ్డంగా కష్టంగా కదులుతాయి. ఆ కదలికను కొలిచి తంతువుల స్థితిని అంచనా వేస్తారు.

2018లో వెలువడిన ఎనిగ్మా పరిశోధన 1,963 మంది స్కిజోఫ్రీనియా రోగులను 2,359 మంది ఆరోగ్యవంతులతో పోల్చింది. పరిశీలించిన 25 భాగాలలో 20 చోట్ల రోగుల సగటు కొలత తక్కువగా ఉన్నది. అంటే ఈ వ్యాధికి మెదడులో ఆనవాళ్ళున్నాయి. అయితే ఆ తేడా సమూహాల సగటులలోనిది; ఒక్కొక్కరిని చూస్తే ఇరువర్గాల కొలతలు చాలావరకు కలిసిపోతాయి. అందుకే ఒక వ్యక్తికి ఈ వ్యాధి ఉన్నదో లేదో స్కానింగు ఒక్కటే తేల్చలేదు. లక్షణాలను, అవి ఎంతకాలంగా ఉన్నాయన్నదానిని, ఇంటివారి మాటలను బట్టి మానసిక వైద్యులే నిర్ణయిస్తారు.

"గడ్డ లేదని ఫిల్ము చెబుతున్నది, జబ్బు లేదని కాదు" అని ఆ తండ్రికి చెప్పాము. ఆయన తలవంచుకొని, "మా పెంపకంలో లోపమా?" అని అడిగారు. "కాదు. ఇది మీ తప్పూ కాదు, బిడ్డ తప్పూ కాదు" అన్నాము.

చికిత్స చేయించుకోవాలని దైవప్రవక్త (స) ఉపదేశించారు. దుఆ చేద్దాం, దానితోపాటు వైద్యమూ చేయిద్దాం. చికిత్స ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. వైద్యుని అడగకుండా మందులు మాన్పించవద్దు. ఎక్కడికి వెళ్ళాలో తోచనివారు ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. బిడ్డను గదిలో దాచి ఉంచడం పరువు కాదు. చేయి పట్టుకొని ఆసుపత్రికి తీసుకువెళ్ళడమే మన బాధ్యత.