రక్తపరీక్షలో మనోవ్యాధి తెలియునా?

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున ఉద్యోగములకై తరలివచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబములు నేటికిని అచట పెక్కు కలవు. అట్టి యింట ఒకరికి నిద్ర పట్టక, ఆకలి లేక, దేనియందును ఆసక్తి లేక వారములు గడచినచో ఇంటివారు మొదట తలచునది రక్తపరీక్షయే. మలేరియాకును మధుమేహమునకును రక్తము సాక్ష్యము చెప్పును గదా! పరీక్షలో అన్నియు సరిగా నున్నవని వచ్చినంతనే, "రోగమేమియు లేదు, ఇది వట్టి సోమరితనము" అని రోగిని మందలింతురు. ఇది పెద్ద పొరపాటు.

డిప్రెషన్ అను విషాదరోగమును గాని, విషాదమును అతి ఉత్సాహమును మార్చి మార్చి వచ్చు బైపోలార్ వ్యాధిని గాని నిర్ధారించు రక్తపరీక్ష నేటికిని లేదు. డెక్సామెథాసోన్ మాత్ర యిచ్చి, మరునాడు రక్తమందలి కార్టిసాల్‌ను కొలుచు పరీక్ష 1980 ప్రాంతమున గొప్ప ఆశ గొల్పినది. కాని రోగము ముదిరినవారిలో సైతము పలువురికి ఫలితము మామూలుగనే యుండెను. మద్యపానము, బరువు తగ్గుట వంటి కారణములచే రోగము లేనివారికిని తేడా కనిపించెను. వాపును సూచించు సి-రియాక్టివ్ ప్రోటీన్ కొందరు విషాదరోగులలో హెచ్చుగా నుండుట నిజమే. అది కీళ్లవాతమునందును హెచ్చును. కావున వైద్యుడు రోగితో మాటలాడియే రోగము నిర్ణయింపవలెను.

అట్లయిన రక్తము తీయుట ఎందులకు? థైరాయిడ్ గ్రంథి మందగించినను, రక్తహీనత యున్నను, బి12 విటమిను కొరవడినను విషాదరోగము వంటి లక్షణములే కలుగవచ్చును. వానికి చికిత్స వేరు.

రక్తపరీక్ష నిజముగా ప్రాణరక్షకమగునది లిథియం వాడువారికి. బైపోలార్ వ్యాధికి 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ దీని గుణమును వెల్లడించెను. ఇది రక్తమున లీటరుకు సాధారణముగా 0.6 నుండి 1.0 మిల్లీమోల్ వరకు ఉండవలెను. 1.5 దాటినచో విషమగును. వృద్ధులకు అంతకు లోపుననే కావచ్చును. వేసవిలో వర్క్‌షాపున పనిచేయువాని సంగతి చూడుడు. చెమటతో నీరు, ఉప్పు పోయినకొలది మూత్రపిండములు లిథియంను విడువక నిలుపుకొనును. మోతాదు మారకుండగనే రక్తమున మందు పెరుగును. నడుమునొప్పికి దుకాణమున కొన్న ఐబుప్రొఫెన్ దానిని మరింత పెంచును. చేతులు బాగుగా వణకుట, వాంతులు, విరేచనములు, మాట తడబడుట, నడక తూలుట కనిపించినచో తరువాతి మోతాదు వేసికొనక వెంటనే ఆస్పత్రికి పోవలెను. ఏ బాధయు లేనప్పుడు మాత్రము మందును తనంతట మానరాదు.

ఈ పరీక్షకు కడపటి మోతాదు పుచ్చుకొన్న 12 గంటలకు రక్తమీయవలెను. రాత్రి 9 గంటలకు మాత్ర వేసికొనువారు ఉదయము 9 గంటలకు, ఉదయపు మాత్ర యున్నచో దానిని వేసికొనకమునుపే, ఈయవలెను. రాత్రి డ్యూటీ వలన వేళ మారినవారు మాత్ర వేసికొనిన గంటను చీటిపై వ్రాసి చూపవలెను. గంట తెలియనిదే ఆ అంకెను నమ్ముటకు వీలులేదు. మూత్రపిండముల, థైరాయిడ్ పరీక్షలు కూడ ఆరు మాసములకొకసారి చేయించుకొనవలెను.

వైద్యునితో బెంగాలీలోనో హిందీలోనో మనసు విప్పలేనివారు 2022లో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యపై ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.