ప్రళయము తప్పిపోయిన సంవత్సరము

ప్రళయ మెట్టిదని యడిగినచో మనలో ప్రతివారును ఏదో యొక సమాధానము చెప్పగలరు. సముద్రములు పొంగుననువారు కొందరు; పండ్రెండుగురు సూర్యు లొక్కసారి యుదయింతురనువారు కొందరు. అంట్లు తోమెడు మనిషి రాని యుదయమే నిజమైన ప్రళయమనువారు మన యిండ్లలో నెందరో కలరు. ఈ చివరిది తప్ప తక్కినవి మేమును చూడలేదు. కాని ప్రపంచమునకు తెలియకుండ గడప వరకు వచ్చి మరలిపోయిన ప్రళయ మొకటి కలదు. అది 1962వ సంవత్సరమున జరిగెను. ఆ యేట ప్రళయములు రెండు రావలసియుండెను. మొదటిదానికి మనము హోమములు చేసితిమి. రెండవదాని సంగతియే మనలో ననేకులకు తెలియదు.

మొదటిది ఫిబ్రవరి నెలలోనిది. 3వ తేదీ మొదలు 5వ తేదీ వరకు రవి, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని, కేతువు ఎనమండుగురును మకరరాశియందు చేరిరి. రాహు వొక్కడే, పేరంటమునకు పిలుపు రానివానివలె, ఎదురుగానున్న కర్కాటకమున నొంటిగా కూర్చుండెను. అష్టగ్రహకూటమి యని దేశమెల్ల తల్లడిల్లెను. ఊరూర హోమములు, జపములు, భజనలు సాగెను. అయినను ఆ రాత్రులయందు మన యమ్మలు మరునాటి పెరుగునకు పాలు తోడువేయుట మాత్రము మానియుండరని మా నమ్మకము. 6వ తేదీన సూర్యుడు యథాప్రకారముగ నుదయించెను. పాలవాడును యథాప్రకారముగ నీళ్లు కలిపియే పాలు తెచ్చియుండును.

రెండవది అక్టోబరు నెలలోనిది. దీనికి పంచాంగమున పేరు లేదు. సోవియట్ రష్యావారు క్యూబా ద్వీపమున అణుక్షిపణులను నిలిపిరని అమెరికావారు యుద్ధనౌకలతో ఆ ద్వీపమునకు దారి కట్టిరి. ఆ దినములలోనే మన సరిహద్దున చీనాతో యుద్ధము మొదలగుటచే మన చూపులన్నియు హిమాలయములపై నుండెను.

25వ తేదీ రాత్రి అమెరికాలోని డులూత్ నగరమున నొక సైనికస్థావరపు కంచె నెవరో యెక్కుచున్నట్లు కావలివానికి కనబడెను. అతడు తుపాకి కాల్చి గంట మ్రోగించెను. దానితో పొరుగు స్థావరములందును గంటలు మ్రోగెను. విస్కాన్సిన్ రాష్ట్రమునందలి యొక స్థావరమున మాత్రము తీగెలు తప్పుగా కలిపియుండుటచే, యుద్ధము వచ్చినదని తెలుపు గంట మ్రోగెను. అణ్వస్త్రములు దాల్చిన విమానములు లేవబోవుచుండగా నొక యుద్యోగి మోటారుకారులో దీపములు వెలిగించుచు నెదురేగి వానిని నిలిపెను. ఇంతకును కంచె యెక్కినది ఎలుగుబంటి! మన పెరటిలో పిల్లి దూరినచో చీపురుకట్ట చాలును.

27వ తేదీన క్యూబా సమీపమున రష్యా జలాంతర్గామి యొకటి నీటి యడుగున దాగియుండెను. లోపలి యుక్క 45 డిగ్రీలను మించినదట! రోహిణీకార్తెలో మన వంటయిల్లు దాని ముందు చలువపందిరి. మాస్కోనుండి మాట లేదు. పైనుండి అమెరికా యోడలు హెచ్చరికగా చిన్న బాంబులు వేయుచుండెను. యుద్ధము మొదలైనదని తలచి కెప్టెను అణ్వస్త్రమును సిద్ధము చేయుడని కేకలు వేసెననియు, అందున్న వాసిలీ ఆర్ఖిపోవ్ అను నధికారి యంగీకరింపక, అతనిని శాంతపరచి, ఓడను పైకి తేల్పించెననియు ఆ యోడలోనివారు పిమ్మట చెప్పిరి. ఆ వేడిలో, ఆ చప్పుడులో నొక్క మనుష్యుడు కోపము నిగ్రహించుకొనుటచేతనే కాబోలు, మన మీనాడు తీరికగా కూర్చుండి పత్రిక చదువుచున్నాము.

ఇక జ్యోతిష్కుల పక్షమున నొక్క మాట చెప్పవలెను. గ్రహములు ప్రళయము తేగలవనుట బొత్తిగా నసత్యము కాదు. 1960 అక్టోబరు 5వ తేదీన గ్రీన్‌లాండునందలి అమెరికావారి రాడారు, ఉదయించుచున్న చంద్రుని చూచి, రష్యా క్షిపణులు వచ్చుచున్నవని చాటెను. మన పసిపిల్లలు గోరుముద్దలు తినుచు గుర్తించు చందమామను ఆ మహాయంత్రము గుర్తింపలేకపోయెను. అప్పుడు రష్యా నాయకుడు కృశ్చేవ్ న్యూయార్కులోనే యుండెను. తమ యజమాని కూర్చున్న యింటిపై నెవరైన రాళ్లు రువ్వుదురా?

చంద్రుని తరువాత సూర్యుని వంతు వచ్చెను. 1983 సెప్టెంబరు 26వ తేదీన మేఘములపై మెరసిన యెండను చూచి, అమెరికా క్షిపణు లయిదు బయలుదేరినవని సోవియట్ ఉపగ్రహయంత్రము తెలిపెను. కావలియున్న స్తానిస్లావ్ పెత్రోవ్ అను సైనికోద్యోగి యాలోచించెను. వేయిమందికి సంతర్పణ చేయదలచినవారు అయిదు విస్తళ్లు మాత్రమే పరతురా? యుద్ధమే చేయదలచినచో అయిదింటితో మొదలిడుదురా? ఇది యంత్రము పొరపాటని పైవారికి తెలిపి, అతడు వేచియుండెను. ఏ క్షిపణియు రాలేదు.

మేము నవ్వుచు వ్రాసితిమి గాని, 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి నగరముల తల్లులకు ఇది నవ్వులాట కాలేదు. నాడు వేసినవి రెండు బాంబులు. నేడు మన దేశముతో కూడ తొమ్మిది దేశములయొద్ద నున్నవి సుమారు 12 వేలు. వానికి కావలి కాయుచున్నవి యంత్రములు. ఆ యంత్రములకు కావలి, ఒక్క క్షణ మాగి యాలోచింపగల మనుష్యుడు.

కావున వచ్చు గ్రహణమునకు పట్టుస్నానము, విడుపుస్నానము చేయుడు, మేము వలదనము. శాంతిహోమము చేయించినను మంచిదే. కాని అందొక్క సమిధ, తొందరపడని ఆ యిరువుర పేర వేయుడు.